కత్తెర పడని ఏడో రీలు

ఆసుపత్రి, ఎక్స్‌రే గది
ఎండలు ముదిరిన వారం

వదినా,

మీ తమ్ముడు క్షేమం. వేళకి తింటున్నారు, కుట్టుమిషన్లు బాగుచేసే తన కొట్టుకి వేళకి వెళ్తున్నారు, వేళ తప్పి వస్తున్నారు. మీరు మొదట అడిగేది అదే కాబట్టి మొదటే చెప్పేశాను. ఇక నా మాట వినండి.

దొరికింది వదినా!

రైలు యార్డు వెనక మూతపడిన సినిమా హాలు ఉండేది కదా, దాన్ని పడగొట్టి బల్లలూ కుర్చీలూ అమ్మే షాపు కడుతున్నారు. తెర వెనక గోడ కొడుతుంటే మేస్త్రీకి ఒక ఇరుకు గది కనిపించిందిట. అందులో తుప్పుపట్టిన రేకు డబ్బాలు. ఈ ఊళ్ళో ఎక్కడ పాత డబ్బా బయటపడినా "డబ్బాలావిడకి కబురు పెట్టండి" అంటారు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు. మధ్యాహ్నం భోజనం మానేసి తెల్లకోటుతోనే పరిగెత్తాను. ఒక డబ్బా నిండా మేకులు. ఇంకోదాంట్లో ఎలుకల సంసారం, పిల్లాపాపలతో సహా. అడుగున తీగతో కట్టిన ఏడు డబ్బాలు. మొదటిదాని మూత తీసి ఫిల్మ్ కొసని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. లిఫ్టు కటకటాల తలుపు, దాని వెనక టోపీ పెట్టుకున్న పిల్ల. అక్కడే సిమెంటు బస్తా మీద కూలబడ్డాను.

నా పిచ్చి మీకు తెలుసు గాని, ఆ పిచ్చికి కారణం మీరెప్పుడూ స్థిమితంగా వినలేదు. హాలీవుడ్‌లో సినిమాకి మాటలొచ్చిన కొత్తలో నాలుగైదేళ్ళు చిత్రమైన కాలం నడిచింది. ఏది చూపించొచ్చో ఏది కూడదో కాగితం మీద నియమాలున్నాయి, అమలుచేసే నాథుడు లేడు. ఆ రోజుల్లో వాళ్ళు తీసిన సినిమాల్లో ఆడవాళ్ళని చూడాలి వదినా! ఉద్యోగాలు చేస్తారు, పనికిరాని మొగుళ్ళని వదిలేస్తారు, మాటకి మాట అప్పజెబుతారు, తప్పు చేసి కూడా చచ్చిపోకుండా హాయిగా బతుకుతారు. ఆ తరవాత కత్తెర పట్టుకుని ఒక ఆఫీసు వెలిసింది. పాత సినిమా మళ్ళీ ఆడించాలంటే కోయించుకోవలసిందే. కోసిన ముక్కల్ని ఎవరూ దాచలేదు. అందుకే కత్తెర పడకముందటి రీలు ఎక్కడ దొరికినా నేను ఇంటికి మోసుకొస్తాను.

లిఫ్టు పిల్ల సినిమాకీ అదే గతి పట్టింది. పెద్ద బట్టల షాపులో లిఫ్టు నడిపే పిల్ల, ఒక్కొక్క మెట్టే ఎక్కి చివరికి ఆ షాపుకే యజమానురాలవుతుంది. ఇవాళ ఉన్న కాపీలన్నిట్లో ఆఖరున ఏం జరుగుతుంది? తనని ఒకప్పుడు కాదని పోయినవాడు తిరిగొస్తే, వాడి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చి, షాపు తాళాలు వాడి చేతిలో పెడుతుంది. అది తరవాత తీసి అతికించిన ముగింపు. మొదట విడుదలైనప్పుడు అలా లేదని ఆనాటి పత్రికలు రాశాయి. ఎలా ఉందో మాత్రం ఒక్కరూ రాసి చావలేదు.

నాకు దొరికింది మొదటి కాపీ. ముగింపు ఏడో డబ్బాలో ఉండాలి. దాని మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది, ఇంకా రావడం లేదు. నాకు అన్నం సయించడం లేదు.

మీ మరదలు


సినిమా పరిశీలన సంఘం, నా గది
ఆ మరుసటి వారం

డబ్బాల మరదలా,

"దొరికింది" అన్న చోట లేచి నిలబడ్డాను. ఎప్పుడో పోయిన నా గాజులేమో అనుకున్నాను. తీరా చూస్తే తుప్పు రేకు!

నువ్వు తిట్టిపోసిన కత్తెర ఆఫీసు లాంటిదానికే మీ వదిన అధ్యక్షురాలని మర్చిపోయి రాశావా, గుర్తుండే రాశావా? గుర్తుండే రాసి ఉంటావు. చీకటి గదిలో, చిన్న దీపం ముందు, కుడిచేతి కింద గంట మీట పెట్టుకుని కూర్చుంటాను. నేను నొక్కితే సినిమా ఆగుతుంది. నన్ను వెనకాల గంటమ్మ అంటారని నాకు తెలుసు. అననీ. ఒక పసిదాన్ని ఏడిపించి, ఆ ఏడుపుని హాస్యమని అమ్ముకోబోయినవాడి సినిమాని ఆపింది ఈ చెయ్యే. బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు ఎంత తలెత్తుకుని తిరిగానో, ఇక్కడా అంతే. నువ్వు అతికిస్తావు, నేను కోస్తాను. నీ పని నీకు గొప్ప, నా పని నాకు గొప్ప.

ఆ లిఫ్టు పిల్ల సినిమా చదువుకునే రోజుల్లో నేనూ చూశాను. ఏడుపు ముగింపే.

ఇంకో సంగతి. ఆ పాతకాలం ఫిల్మ్ పెట్రోలులా అంటుకుంటుందనీ, నీళ్ళలో ముంచినా ఆరదనీ మా ఆపరేటరు చెప్పాడు. ఆ డబ్బాలు ఎక్కడ పెట్టావు? నా తమ్ముడు పడుకునే మంచం కింద అని మాత్రం చెప్పకు.

మీ వదిన


ఇల్లు, వంటింటి బల్ల
తొలి వానలు

వదినా,

ఇది మీ తమ్ముడి దస్తూరీ అని కంగారుపడకండి. నాకు బద్ధకంగా ఉండి చెప్పి రాయిస్తున్నాను.

డబ్బాలు మంచం కింద లేవు. మా ఆసుపత్రి వెనక ఒక గది ఉంది. ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు కూడా ఆ మండే సరుకుతోనే చేసేవారు. అందుకని మందపాటి గోడలు, ఇనప తలుపు, కప్పు మీద పొగ పోయే గొట్టం పెట్టి కట్టారు. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. "అందులో ఏం పెడతావమ్మా?" అన్నారు. "ఒక అమ్మాయి ఉందండీ, చాలా పాతకాలం మనిషి, ఆరోగ్యం బాగాలేదు" అన్నాను. ఆయన నవ్వి తాళం ఇచ్చారు.

నిజంగానే ఆరోగ్యం బాగాలేదు. ఏడో డబ్బా మూత ఊడగానే మురిగిన మేజోళ్ళ కంపు. పై చుట్లు తేనెలా కారి ఒకదానికొకటి అంటుకున్నాయి. అంచుల్లో గోధుమరంగు పొడి. ఇంకో ఏడాది ఆగి ఉంటే డబ్బా నిండా పొడే మిగిలేది. మొదటి ఆరు రీళ్ళనీ మీ ఊరి ఫిల్మ్ సొసైటీ వాళ్ళు తమ లాబ్‌లో కొత్త ఫిల్మ్ మీదికి ఎక్కించారు. ఏడోది చూసి దణ్ణం పెట్టేశారు. "ఇది కుంచించుకుపోయిందమ్మా, అంచు రంధ్రాలు మా మిషను పళ్ళకి అందవు, పెడితే చిరుగుతుంది" అన్నారు.

అప్పుడు మీ తమ్ముడు రంగంలోకి దిగారు. (అక్కా, ఇది నేను రాయనన్నాను, బలవంతంగా రాయిస్తోంది.) కుట్టుమిషను బట్టని ఎలా జరుపుతుందో చూశారా? ఒక కుట్టు, ఒక జరుగు, ఒక ఆగు. మళ్ళీ కుట్టు. ఫిల్మ్‌కీ కావలసింది అదే నడక అన్నారు. పాత మిషను ఒకటి విప్పి, బట్టని జరిపే పళ్ళని మా రీలు రంధ్రాలకి సరిపడా ఆకురాయితో అరగదీశారు. సూది ఉండేచోట కెమెరా. నేను చుట్లని మందులో తడిపి, వెంట్రుక కంటే మెల్లిగా విడదీసి అందిస్తాను. ఆయన చక్రం తిప్పుతారు. ఒక బొమ్మ, ఒక ఫోటో. అంచున మాటలన్నీ దాచుకున్న శబ్దం గీత కూడా బొమ్మతోపాటే వచ్చేస్తోంది. వారాలు పట్టింది వదినా. మొన్న ఆదివారం చివరి బొమ్మ తీశాం. ఇద్దరం ఆ మిషను ముందు నిలబడి, కొత్తగా పుట్టిన బిడ్డని చూసినట్టు చూస్తూ ఉండిపోయాం.

ముగింపు దొరికింది. ఏమిటో చెప్పను. తెర మీదే చూడాలి.

సొసైటీ వాళ్ళు మీ ఊళ్ళో పెద్ద హాల్లో ప్రదర్శిస్తామంటున్నారు. దరఖాస్తు మీ బల్ల మీదికే వస్తుందని తెలుసు. సిఫారసు మాత్రం అడగను.

మీ మరదలు

అక్కా, ఇక్కణ్ణించి నా సొంతం. దాన్ని నిద్రపుచ్చి రాస్తున్నాను. బద్ధకమూ లేదు, ఏమీ లేదు. ఊడొచ్చిన ఫిల్మ్ తునక నిజంగా మండే రకమేనా అని అగ్గిపుల్లతో చూసింది. నిజంగా మండే రకమే. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కాలాయి. కట్టు కట్టుకునే చుట్లు విడదీసింది. నేను చెప్పానని చెప్పకు. చెప్పినా పరవాలేదు. ఏ మనిషిని చేసుకున్నానో చూశావా!

తమ్ముడు


సినిమా పరిశీలన సంఘం
వానలు జోరుగా ఉన్నాయి

మరదలా,

వేళ్ళు ఎలా ఉన్నాయి? ఎవరు చెప్పారని అడగకు. తమ్ముడి దస్తూరీ ఒకటో తరగతి నుంచీ నాకు తెలుసు, వాడు ఏదైనా దాస్తే అక్షరాలు ఎడమవైపు ఒరుగుతాయి. ఆసుపత్రిలో పనిచేసేదానివి, కాలిన వేళ్ళతో ఆ మందుల్లో చెయ్యి పెడతావా? బుద్ధుందా? రోజూ కట్టు మార్పించుకో. ఎర్రబడితే డాక్టరుకి చూపించు. నువ్వే డాక్టరువైపోకు.

సొసైటీవారి దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. దాని గురించి నేను ఒక్క ముక్క రాయను. నువ్వూ రాయవద్దు. నిర్ణయం అయ్యేదాకా ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఉత్తరాలు ఉండకపోవడం మంచిది.

అధ్యక్షురాలు


ఇల్లు
అందిన రోజునే

అధ్యక్షురాలు గారికి,

ఉత్తరాలు వద్దన్నారు. ఇదొక్కటీ రాసి ఆపేస్తాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి, నా చేత్తోనే రాస్తున్నాను.

సిఫారసు అడగనని ముందే రాశాను. అయినా మీరు తలుపు వేసుకున్నారు. వేసుకోండి. నేను ఎక్స్‌రే తీసేదాన్ని వదినా. ఎముక విరిగితే విరిగిందని చూపిస్తాను, లేకపోతే లేదని చూపిస్తాను. రోగి ఎవరి చుట్టమని చూడను. మీరూ అలాగే చూడండి. గంట నొక్కాలనిపిస్తే నొక్కండి. మీ మీద కోపం పెట్టుకోను. పెట్టుకుంటానేమో, కాని బయటికి చెప్పను.

ఆఖరి బొమ్మ దాకా చూసి నొక్కండి. అదొక్కటే.

ఆ రీలు బతికి ఉంది. మేమిద్దరం బతికించాం. మీరు ఏం నిర్ణయించినా ఆ మాట మారదు.

మీ తమ్ముడి భార్య


ఇల్లు, వీధివైపు గది
వానలు వెలిసిన రోజు

మరదలా,

కోపం బయటికి చెప్పనని రాసి, సంతకంలో చెప్పేశావు. "మీ తమ్ముడి భార్య"ట! ఇప్పుడు కూర్చుని, మంచినీళ్ళు తాగి, జరిగింది జరిగినట్టు చదువు.

సినిమా వేసే రోజు నేను నా కుర్చీలో కూర్చోలేదు. అందరూ వచ్చాక లేచి చెప్పాను. "ఈ రీలుని బాగుచేసింది మా తమ్ముడూ మరదలూ. దీని మీద నేను తీర్పు చెప్పకూడదు. గంట ఇంకొకరు పట్టుకోండి." కుర్చీ తీసుకెళ్ళి గోడ పక్కన వేసుకున్నాను. అందుకే నీకు ఉత్తరాలు వద్దన్నాను. రేపెవడైనా వదినా మరదళ్ళు కూడబలుక్కున్నారంటే, పడే మాట నామీద కాదు, నీ రీలు మీద.

నేను పోగా నలుగురు సభ్యులు. గంట లాయరుగారి చేతికెళ్ళింది. ఆరు రీళ్ళు అడ్డం లేకుండా నడిచాయి. ఏడో రీలు చివరికొచ్చేసరికి గంట మోగింది. దీపాలు వెలిగాయి.

"ఇక్కణ్ణించి ఆఖరు దాకా తీసెయ్యాలి. పెళ్ళాడతానని వచ్చిన మనిషిని ఆవిడ ఇలా లిఫ్టు దింపేసి అవమానించడం ఏమిటి? చూసే ఆడపిల్లలు ఏం నేర్చుకుంటారు?" అన్నాడు లాయరు. ఒకప్పుడు నాటకాలాడిన పెద్దాయన ఉన్నాడే, ఆయనా తలూపాడు. మిగతా ఇద్దరూ ఉండనివ్వమన్నారు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. తూకం తేల్చాల్సిన ఓటు నాది. నేను గోడ పక్కన ఉన్నాను.

నేను లేచి, "ఓటు వెయ్యను. సాక్షిగా ఒక మాట చెప్పనిస్తారా?" అన్నాను.

"చెప్పండి. మీరెన్ని ఇలాంటివి కోయించలేదు!" అన్నాడు లాయరు వెటకారంగా.

"కోయించాను. ఎవరికైనా హాని జరుగుతుందనుకున్న చోట కోయించాను. మళ్ళీ కోయిస్తాను కూడా. ఇక్కడ ఎవరికి హాని జరిగిందో చూపించండి. లిఫ్టు దిగిన పెద్దమనిషికి కాలు బెణికిందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు.

"చదువుకునే రోజుల్లో ఈ సినిమా చూశాను, ఆ అతికించిన ముగింపుతో. బయటికొస్తుంటే నా స్నేహితురాలు అడిగింది, అంత కష్టపడి సంపాదించిన షాపు ఎందుకు ఇచ్చేసింది అని. సినిమా అంతా వెతికినా దానికి జవాబు లేదు. ఎందుకంటే, ఆ పిల్ల ఇవ్వలేదు. ఎవరో ఆమె చేత ఇప్పించారు. బడిలో ఒక పిల్ల రాసిన జవాబు కొట్టేసి, నా జవాబు దాని దస్తూరీలో రాస్తే నన్ను మీరు ఉపాధ్యాయురాలంటారా? ఒకసారి ఆ పని జరిగిపోయింది. రెండోసారి ఈ బల్ల దగ్గర జరగకూడదు."

నాటకాల పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, "గంట అడ్డం పడింది గాని, అసలా అమ్మాయి తరవాత ఏం చేస్తుందో నేను చూడనేలేదు. మొదటినుంచీ వెయ్యండి" అన్నాడు.

మళ్ళీ వేశారు. ఈసారి లాయరు చెయ్యి గంట మీద ఉంది గాని, కదల్లేదు. ఆఖరి నిమిషం వచ్చింది. చీకట్లో ఎవరో పెద్దగా నవ్వారు, పొట్ట పట్టుకుని, దగ్గు వచ్చేదాకా. దీపాలు వెలిగితే నాటకాల పెద్దాయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నలభై ఏళ్ళు రంగస్థలం మీద నిలబడ్డాను. ఇలా నిష్క్రమించడం నాకు ఒక్కసారీ చేతకాలేదు. ఉండనివ్వండయ్యా" అన్నాడు.

ముగ్గురు, ఒకరు. ఒక్క కోత లేకుండా అనుమతి ఇచ్చారు. కాగితం మీద సంతకం కూడా నేను పెట్టలేదు.

నీ రీలు గెలిచింది. నేను గెలిపించాననుకోకు. అది తనంత తనే నిలబడింది. నేను కుర్చీ జరిపాను, అంతే.

మీ వదిన


ఎక్స్‌రే గది
భోజనాల వేళ

నా వదినా,

మీ ఉత్తరం మొదట నేను చదివాను, తరవాత మీ తమ్ముడి కొట్టుకెళ్ళి అక్కడ నిలబడి పైకి చదివాను. మిషను బాగుచేయించుకోవడానికి వచ్చిన దర్జీ కూడా విని, "మీ వదినగారు గట్టి మనిషండీ" అన్నాడు. "గట్టి మనిషే, కాకపోతే ఆవిడ నాకు వదిన!" అన్నాను. కాలర్ పట్టుకుని చెప్పినంత పని చేశాను. సంతకం సంగతి మర్చిపోండి. పొరపాటున పడింది.

ఇప్పుడు కొత్త తంటా. సొసైటీవాళ్ళు బొమ్మ కింద మన భాషలో మాటలు వేయిస్తున్నారు. తర్జుమా నాకే పెట్టారు. అంతా అయింది, ఆఖరి మాట దగ్గర పడ్డాను. ఆ మనిషి లిఫ్టులోకి వచ్చి, "ఇంక ఈ షాపు గొడవ నేను చూసుకుంటాను, నువ్వు ఇంటికి పద" అంటాడు కదా. ఆమె కటకటాల తలుపు తీసి, దిగమంటుంది. ఎదుటి మనిషిని పిలవడానికి ఇంగ్లీషులో ఒకటే మాట, మనకి రెండున్నాయి. "నువ్వు దిగు" అని పెట్టాను. ఒకప్పుడు ప్రేమించినవాడే కదా, చనువు ఉంటుంది, పైగా కోపం. మీ తమ్ముడు బాగుందన్నారు. నాకే ఎక్కడో పంటికింద రాయిలా ఉంది. ముప్ఫై ఏళ్ళు పిల్లల వాక్యాలు దిద్దారు, ఇదీ దిద్దండి.

మీ మరదలు


ఇల్లు
తిరుగు టపా

మరదలా,

"నువ్వు దిగు" వద్దు. నువ్వు అంటే ఇంకా బంధం ఉన్నట్టు. కోపం ఉందంటే లెక్కలో మనిషి ఉన్నట్టే. ఆమెకి వాడు ఇప్పుడు దారిన పోయే కొనుగోలుదారు. షాపుకొచ్చిన వాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆ లిఫ్టులోనే నేర్చుకుంది.

"మీరు దిగండి" అని పెట్టు. మర్యాదని మించిన చెంపదెబ్బ మన భాషలో లేదు.

ప్రదర్శన రోజుకి ముందే వచ్చెయ్యి. వెనక గది తుడిపించి ఉంచాను. నలుగురిలోకీ వచ్చే చీర కట్టుకో, ఆ మందుల మరకల కోటు వేసుకొస్తే ఊరుకోను.

మీ వదిన


ఎక్స్‌రే గది
తొందరలో

వదినా,

మీ తమ్ముణ్ణి ఒక్కణ్ణే పంపుతున్నాను. నేను రావడం లేదు. పొద్దున్న వంతెన దగ్గర బస్సు బోల్తాపడింది. వరండా అంతా మంచాలే. ఎక్స్‌రే తీసేవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. సెలవు ఇచ్చారు, వెళ్ళమనే అన్నారు. నేనే కోటు వేసుకున్నాను. తరవాతి మనిషి బయట ఉన్నాడు, చిన్నపిల్లాడు, మోచెయ్యి.

నా బదులు మీరు చూడండి. ఒక్క ముక్క వదలకుండా రాయండి.

మరదలు


ఇల్లు, వెనక గది
ప్రదర్శన మర్నాడు

మరదలా,

నీ కోసం తుడిపించిన గదిలోనే, నీ కోసం వేయించిన బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. నువ్వు రాలేదని నీ మొగుడు స్టేషనులో దిగగానే చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. చీటీ చదివాక ఏడుపు ఎక్కడికి పోయిందో తెలీదు. ఆ బాబు మోచెయ్యి ఎలా ఉంది? ముందు అది రాయి.

పెద్ద హాలు నిండిపోయింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. తమ్ముడు నా పక్కన, ఇస్త్రీ చొక్కాలో, పరీక్ష రాయబోయేవాడిలా చేతులు నలుపుకుంటూ. దీపాలు ఆరాయి. మొదటి రీలు అంతా గీతలే, వాన కురుస్తున్నట్టు. జనానికి కాసేపట్లో ఆ వాన అలవాటైపోయింది. లిఫ్టు పిల్ల మేనేజరుకి మొదటిసారి ఎదురుచెప్పిన చోట నా వెనక ఒక ముసలావిడ "అలా పెట్టు!" అంది. రీళ్ళు మారేకొద్దీ జనం ఆ పిల్ల వైపు జరుగుతూ వచ్చారు.

ఏడో రీలు మొదలవగానే తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు చీకట్లో పట్టుకున్నట్టే. పాడైన చోట బొమ్మ చుట్టూ మరకలు కదులుతాయి కదా, నేను అవి అడ్డమవుతాయని భయపడ్డాను. అడ్డం కాలేదు. ఆమె మొహం చుట్టూ మబ్బులు తేలిపోతున్నట్టుంది. ఆ మనిషి లిఫ్టులోకి వచ్చాడు. ఇంటికి పదమన్నాడు. ఆమె వాణ్ణి తాపీగా చూసింది. ఎంతసేపు చూసిందో! తలుపు తీసింది. కింద నీ అక్షరాలు పడ్డాయి.

"మీరు దిగండి. ఇది పైకి వెళ్తుంది."

వాడు దిగాడు. తలుపు మూసుకుంది. లిఫ్టు కదిలింది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. ఒక్కో అంతస్తు దాటినప్పుడల్లా వెలుగూ నీడా ఆమె మొహం మీంచి జారుతున్నాయి, ఆమె నవ్వుతూనే ఉంది. ఎగతాళి నవ్వు కాదు మరదలా. పరీక్ష పాసైన పిల్ల ఇంటికి పరిగెడుతూ నవ్వే నవ్వు. బాల్కనీలో ఎవరో అమ్మాయి ముందు నవ్వింది. తరవాత ఇంకో మూల నుంచి. ఆ తరవాత ఎవరు నవ్వుతున్నారో ఎవరు నవ్వడం లేదో చెప్పలేను, హాలంతా ఆ పిల్లతోపాటే పైకి వెళ్ళిపోయింది. నాటకాల పెద్దాయన మూడో వరసలో లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. లాయరు రాలేదు. వాళ్ళావిడ వచ్చింది.

నీ మొగుడు మాత్రం తెర చూడడం లేదు. వెనక్కి తిరిగి జనాన్ని చూస్తున్నాడు. "అక్కా, అది ఇక్కడ ఉండాల్సిందక్కా" అని ఒకటే గొణుగుడు.

సొసైటీ కార్యదర్శి వేదిక మీద నీ పని గురించి చెప్పాడు. పొగ గొట్టం గదీ, కుట్టుమిషనూ, కాలిన వేళ్ళూ, అన్నీ. నువ్వు ఎందుకు రాలేదో కూడా చెప్పాడు. చప్పట్లు ఆగలేదు. నీకని పూలగుత్తి తెచ్చారు, తీసుకోవడానికి మీవాళ్ళెవరైనా రండి అన్నాడు. తమ్ముడు నా భుజం తట్టి, నువ్వే వెళ్ళమన్నాడు. నేను లేచాను.

మెట్లెక్కుతుంటే ఒక మూల గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కుర్రాడు గట్టిగానే అన్నాడు, "గంటమ్మ! ఈవిడకేం పని ఇక్కడ?" కొందరు నవ్వారు. కార్యదర్శి మొహం ఎర్రబడింది. మైకు చేత్తో మూసి, "అమ్మా, మిమ్మల్ని ఏమని పిలవమంటారు? అధ్యక్షురాలనా?" అని మెల్లిగా అడిగాడు.

నేను మైకు మీద అతని చెయ్యి తీసేశాను. పూలు రెండు చేతులా అందుకుని, ఆ కుర్రాడు కూర్చున్న వైపే తిరిగి, ఆఖరి వరసకి వినపడేలా చెప్పాను.

"నేను ఆవిడ ఆడపడుచుని."

నీ వదిన